పోపుల డబ్బాలో ఖాళీ గిన్నె: ప్రతీకల బొమ్మలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రతి ప్రతీకకూ ఒక అర్థం ఉంటుంది. అది తెలిస్తే బొమ్మ అర్థమైనట్టే.

వాస్తవం: పంజరమంటే బందీ, తామరంటే స్త్రీ అని ముందే పట్టిక వేసుకుని వచ్చేవారు నా బొమ్మల ప్రతి ప్రదర్శనలోనూ కనిపిస్తారు. (పంజరాలు వేయడం నేను ఎప్పుడో మానేశాను. అరిగిపోయాయి.) ఒకసారి పోపుల డబ్బా వేశాను. చుట్టూ ఆరు గిన్నెల్లో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు లాంటివి. నడిమి గిన్నె ఖాళీ, అడుగున పసుపు మరక మాత్రం ఉంటుంది. అందరికీ వడ్డించాక ఇల్లాలికి మిగలనిది అదేనని నా ఉద్దేశం. ఒక పెద్దావిడ దాని ముందు చాలాసేపు నిలబడి, "మా అమ్మ నాన్నకు తెలియకుండా డబ్బులు దాచుకున్నది ఇందులోనేనమ్మా" అన్నారు. నేను లేమి అనుకున్నది ఆవిడకు దాపరికం. నా అర్థం ఆవిడకు చెప్పలేదు. ఆవిడదే బాగుంది.

అపోహ: నేరుగా చెప్పే ధైర్యం లేనివారే ప్రతీకల చాటుకు వెళతారు.

వాస్తవం: మెక్సికోలో ఒకడు ఒక స్త్రీని కత్తితో పొడిచి చంపి, "ఏవో చిన్న గాట్లే కదా" అన్నాడన్న వార్త చదివి అక్కడి చిత్రకారిణి ఫ్రీడా కాలో 1935లో రేకు మీద ఒక బొమ్మ వేసింది. మంచం మీద శవం, పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డ మగవాడు. అంతటితో ఆగితే అది పత్రికలో బొమ్మే. ఆమె వాడి మాటను రిబ్బను మీద రాసి, ఒక తెల్ల పావురం, ఒక నల్ల పావురం ముక్కులకు కరిపించింది, పెళ్లి పందిట్లో తోరణం కట్టినట్టు. నెత్తురు చుక్కలు బొమ్మలో ఆగకుండా ఫ్రేము చెక్క మీదికీ చిందాయి. ఇక చాటు ఎక్కడుంది?

అపోహ: బాధ ఉంటే చాలు, బొమ్మ వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. ఆ ఖాళీ గిన్నెలో స్టీలు మెరుపు పట్టుకోవడానికే నాకు పదకొండు రోజులు పట్టింది.

అపోహ: ఆడవాళ్లు గోడల మీద వేసేవి అలంకారాలే.

వాస్తవం: బీహార్‌లోని మిథిల ప్రాంతంలో కొత్త దంపతుల గది గోడ మీద ఆడవాళ్లు తామరలు, వెదురు వేస్తారు. దాన్ని కోహ్‌బర్ అంటారు. సంతానం కలగాలనే కోరిక అందులో ఉంటుంది. ఆ గీతల్లో ఆరితేరిన గంగాదేవిని వదిలి భర్త మరో పెళ్లి చేసుకున్నాడు. తరువాత ఆమెకు క్యాన్సర్ వచ్చింది. ఢిల్లీలో వైద్యం జరుగుతున్న రోజుల్లో పెళ్లిగది నేర్పిన ఆ సన్నని గీతతోనే ఆసుపత్రిని, చికిత్సను, తన జబ్బును వరుస బొమ్మలుగా వేసింది. 1991లో కన్నుమూసింది. ఢిల్లీలోని క్రాఫ్ట్స్ మ్యూజియంలో ఆమె చేత్తో వేసిన కోహ్‌బర్ గది ఉండేది. 2015 నాటికి, మరమ్మతుల్లో భాగంగా ఆ గోడలకు సున్నం వేసేశారు. అలంకారమే కదా అనుకున్నారేమో.