బీడు అనుకున్న నేలలో కలివికోడి

కడప జిల్లా లంకమల కొండల కింద ముళ్లపొదల్లో రాత్రిపూట తిరిగే పిట్ట కలివికోడి. పేరుకే కోడి, పొడవు 27 సెంటీమీటర్లు. సన్నటి పొడుగు కాళ్లు, మొహానికి మించిన కళ్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. కలివి, రేగు, తుమ్మ పొదల మధ్య ఖాళీ నేల మీద పరుగులు తీస్తూ చెదల్నీ పురుగుల్నీ ఏరుకుని తింటుంది. దీన్ని మాంసానికో ఈకలకో ఎవరూ వెంటాడి వేటాడలేదు. అయినా ఇప్పుడు ప్రపంచంలోకెల్లా అరుదైన పక్షుల్లో ఇదొకటి.

మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ దీన్ని సేకరిస్తే, 1848లో జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. తర్వాతి యాభై ఏళ్లలో పెన్నా, గోదావరి లోయల్లో అక్కడక్కడా కనిపించి, 1900లో అనంతపురం దగ్గర కనపడ్డాక మాయమైంది. సలీం అలీ వంటి పక్షి శాస్త్రవేత్తలు వెతికినా దొరకలేదు. అంతరించిపోయినట్టే అనుకున్నారు. తమాషా ఏమిటంటే, 1917లో కోలారు బంగారు గనుల దగ్గర ఎవరో సేకరించిన దీని గుడ్డు స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో 2013లో బయటపడింది. అంటే మాయమైందన్న రోజుల్లో కూడా అది గుడ్లు పెడుతూనే ఉంది. చూసినవాళ్లే లేరు.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఆ ఊళ్లూ ఈ ఊళ్లూ తిరిగి బొమ్మలు చూపించి అడుగుతుంటే, రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానికుడు రాత్రి టార్చిలైటు వేసి పిట్టను పట్టి తెచ్చాడు. 86 ఏళ్ల తర్వాత దొరికిన ఆ పిట్ట కొద్ది రోజులకే చచ్చిపోయింది. ఈ జాతిని కాపాడటానికి 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

అసలు చిక్కు నేలతో. పెద్ద చెట్లుంటేనే అడవి అని మనకొక లెక్క. ముళ్లపొదలున్న నేల కనిపిస్తే బీడు, బంజరు అంటాం, ఏదో ఒక పనికి వాడేస్తే నయమనుకుంటాం. సోమశిల జలాశయంలో ఊళ్లు మునిగినప్పుడు కొందరు ఈ చుట్టుపక్కలే వచ్చిపడ్డారు. వాళ్లకూ పొయ్యిలోకి కట్టెలు కావాలి, మేకలకు మేత కావాలి. పొదలు కొట్టి నిమ్మతోటలు వేశారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. అలాగని మేకల్ని పూర్తిగా తరిమేసినా పిట్టకు మేలు జరగదు. పొదలు మరీ చిక్కబడితే అది పరిగెత్తలేదు, మరీ పలచబడితే దాక్కోలేదు. మేకలు ఓ మోస్తరుగా మేసే చోటే దానికి కుదురుతుంది. ఇంత సున్నితమైన కొలతను కంచె వేసి కాపాడటం కుదరదు.

రాత్రి తిరిగే పిట్ట గనక దాన్ని లెక్కపెట్టడమూ కష్టమే. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి పాదముద్రలు వెతికేవారు. దీనికి వెనకవేలు ఉండదు, ముందుకు మూడు వేళ్లే. ఆ గుర్తును బట్టి ఎక్కడెక్కడ ఉందో తెలిసేది. 2005లో తెలుగుగంగ కాలువ పనుల కోసం వచ్చిన యంత్రాలు ఆ జాడలు దొరికిన చోట్లనే తవ్వేశాయి. పక్షి ప్రేమికులు గోల చేశారు, అటవీశాఖ పనులు ఆపించింది, వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లి చివరికి కాలువ దారి మళ్లింది. కృష్ణా నీళ్లు చెన్నైకి, సీమకు అవసరమే. కాలువ ఎటు పోవాలన్న మాట మాత్రం తవ్వకముందు ఎవరూ అడగలేదు.

2008 తర్వాత దశాబ్దానికి పైగా ఖాయమైన ఆనవాలు ఒక్కటీ లేదు. లంకమలలో ఎర్రచందనం దొంగల బెడద వల్ల రాత్రి సర్వేలకు వెళ్లడమే కష్టమైంది. మళ్లీ 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు దాని అరుపును రికార్డు చేయగలిగారు. పిట్ట మాత్రం కంటపడలేదు.