మొహం మసక చేస్తే సరిపోదు: చిన్న మీడియా గురించి అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో వీధులూడ్చేవాళ్లలో, చెత్త ఆటోల వెంట నడిచేవాళ్లలో తెలుగు మాట్లాడే దళితులు చాలామంది. వాళ్లకోసం, అనంతపురం, పాలమూరు వైపు నుంచి వచ్చి లేబర్ షెడ్లలో ఉండే బిల్డింగు పనివాళ్లకోసం మేం నలుగురం పదిహేను రోజులకో గోడపత్రిక, వారానికో వాట్సాప్ ఆడియో బులెటిన్ తెస్తుంటాం. కొత్తగా చేరే పిల్లలు అవే సందేహాలతో వస్తారు, ఊళ్లోవాళ్లు అవే మాటలతో భయపెడతారు. ప్రతిసారీ నోటితో చెప్పలేక రాస్తున్నా.

అపోహ: ప్రెస్ కార్డు లేనివాడు వార్త రాయకూడదు.

మన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అంటూ విడిగా ఒక హక్కు రాసిలేదు. 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ ఇచ్చిన మాట్లాడే హక్కే పత్రికా స్వేచ్ఛకూ ఆధారం. 'క్రాస్ రోడ్స్' పత్రికను అప్పటి మద్రాసు ప్రభుత్వం రాష్ట్రంలోకి రానివ్వకపోతే, 1950లో రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. (మరుసటి ఏడాదే మొదటి సవరణ తెచ్చి ఆంక్షల జాబితా పెంచారనుకోండి.) సర్కారు విలేకరులకిచ్చే అక్రెడిటేషన్ కార్డుంటే విధానసౌధలో ప్రెస్‌మీట్లకు వెళ్లొచ్చు. తెల్లారుజామున ఊడ్చేవాళ్ల హాజరు వేసే మస్టరింగ్ పాయింట్ దగ్గర నిలబడ్డానికి దాంతో పనిలేదు. బండి మీద 'ప్రెస్' స్టిక్కరు మాత్రం వద్దు. దాన్ని చూస్తే మనవాళ్లే పక్కకి తప్పుకుంటారు.

అపోహ: నోరు నొక్కేది సర్కారే.

సర్కారు సంగతి సరే, మా పనిలో దానికంటే ముందు ఎదురయ్యేది మేస్త్రీ. అడ్వాన్సు ఇచ్చి ఊరి నుంచి తెచ్చింది అతనే, షెడ్డు అతనిదే, హాజరు అతని చేతిలోనే. అతనికి చట్టంతో, నిషేధంతో పనేముంది, "రేపట్నుంచి రావద్దు" అంటే చాలు. పత్రికా స్వేచ్ఛ మీద మీటింగుల్లో ఈ మేస్త్రీ ఊసు ఎవరూ ఎత్తరు. నాకు అదే మంట.

అపోహ: మొహం మసక చేస్తే మనిషి భద్రం.

మేమూ అట్లే అనుకున్నాం. చెత్త ఆటో మీద హెల్పర్‌గా చేసే ఒక అక్క, గ్లౌజులివ్వక అరచెయ్యి తెగిన సంగతి వీడియోలో చెప్పింది. మొహం కనపడకుండా చేశాం, గొంతు మార్చాం, పేరు చెప్పలేదు. ఇంకేం భయం అనుకుని పంపేశాం. తెగిన చోటు చూపించడానికి ఆమె చెయ్యి చాపింది కదా, మోచేతి కింద తేలు పచ్చబొట్టు. కాంట్రాక్టరు సూపర్‌వైజరు దాన్ని చూసిన మరుక్షణం గుర్తుపట్టాడు. రెండు రోజుల హాజరు పోయింది, ఆమెను దూరపు వార్డుకి మార్చారు. తప్పు మాది.

అప్పట్నుంచి ఏ వీడియో అయినా పంపేముందు ఆ మనిషికే చూపిస్తాం. "నిన్ను ఎరిగినవాళ్లు దీన్ని చూస్తే పోల్చుకుంటారా?" అని అడుగుతాం. పచ్చబొట్టు, ముక్కుపుడక, చీపురుకి కట్టుకున్న గుడ్డపేలిక, వెనక గోడ మీద అంగడి బోర్డు, అన్నీ వాళ్లే పట్టిస్తారు. చాలాసార్లు వీడియో మానేసి రాత్రి పూట ఆడియో చేస్తాం, అదీ వేరే గొంతుతో చదివించి.

అపోహ: నిజం రాస్తే కేసు నిలవదు.

క్రిమినల్ పరువునష్టం ఇంకా చట్టంలో ఉంది. 2016లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 499, 500 సెక్షన్లే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356. అక్కడ నిజమని రుజువు చేస్తే చాలదు, అది లోకహితం కోసమేనని కూడా చూపించాలి. బెంగళూరు పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌కి 2016 నవంబరులో హుబ్బళ్ళి కోర్టు పరువునష్టం కేసులోనే శిక్ష వేసింది. ఏడాది తిరక్కుండానే, 2017 సెప్టెంబరు 5న రాజరాజేశ్వరి నగర్‌లో ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. ఆమె తండ్రి 1980లో మొదలుపెట్టిన లంకేశ్ పత్రిక ప్రకటనలు లేకుండా నడిచింది. మాకూ ప్రకటనలు లేవు గానీ, అది ఎవరూ ఇవ్వక.

కాబట్టి ఎదుటివాడికి ఫోన్ చేసి అతని మాట అడుగుతాం. ఎత్తకపోతే ఏ రోజు, ఎన్ని గంటలకు చేశామో నోటుబుక్కులో రాసుకుంటాం. వకీలు దగ్గర్నుంచి నోటీసు వస్తే కంగారుపడి వార్త తీసెయ్యక్కర్లేదు, అది కోర్టు ఉత్తర్వు కాదు. అలాగని చెత్తబుట్టలో వెయ్యకూడదు కూడా. మా వకీలుతో జవాబు రాయిస్తాం. ఇంకొకటి, ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టిన ఐటీ చట్టం 66ఏ పేరు చెప్పి బెదిరిస్తే నమ్మొద్దు. ఆ సెక్షన్‌ను 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది.

అపోహ: చెప్పినవాళ్ల పేర్లు బయటపెట్టకుండా చట్టం మనల్ని కాపాడుతుంది.

అలాంటి చట్టం మనకు లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలో ఉన్న రక్షణ ఆ కౌన్సిల్ విచారణ వరకే, కోర్టులో పనికిరాదు. అందుకే మా ఫోన్లలో వాళ్ల నంబర్ల పక్కన అసలు పేర్లుండవు. పని అయిపోయాక ఎడిట్ చెయ్యని అసలు వీడియోల్లో మొహాలున్నవి తుడిచేస్తాం. పోలీసులు ఫోన్ తీసుకుంటే జప్తు జాబితా నకలు అడగండి. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తు వీడియో తీయాలి.

అపోహ: లోపలి కాగితాలు దొంగతనంగానే దొరుకుతాయి.

పది రూపాయలిస్తే దొరికేవి చాలా ఉన్నాయి. సమాచార హక్కు అర్జీకి ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. బెంగళూరులో అర్జీ తెలుగులో కాకుండా కన్నడలో పెట్టండి, మేం ఎదురింటి టీచరమ్మతో రాయించుకుంటాం. కాంట్రాక్టరుకి ఎన్ని జతల గ్లౌజులకు బిల్లు ఇచ్చారో అడుగుతూ పెట్టినది ఇప్పుడు మొదటి అప్పీల్లో ఉంది.

ఆ సంగతి చెబుదామని పోతే తేలు పచ్చబొట్టు అక్క అడిగింది, "జవాబొస్తే మళ్లా వీడియో తీస్తారా?" ఆడియో చాలులే అక్కా అన్నాను. "ఊహూఁ, అందరూ చూడాల. ఈసారి నిండు చేతుల రవిక తొడుక్కొస్తా" అంది.