గాలి కోసం ఆగిన ఓడలు

చిరంజీవి బుజ్జికి, చికాగోలో ఉన్న చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, మొన్న ఫోన్లో నువ్వడిగిన ప్రశ్న నన్ను నాలుగు రోజులుగా వదల్లేదు. మన తీరంలోని పాత రేవు మోటుపల్లి గురించి ఇటలీ యాత్రికుడు మార్కోపోలో రాశాడని మీ టీచరు చెప్పారన్నావు. "ఇంజను లేకుండా అంత దూరం ఎట్లా తిరిగాడు తాతయ్యా? వందమంది కూర్చుని తెడ్లు వేశారా?" అన్నావు. తెడ్లు కాదమ్మా, గాలి. నిజం చెప్పాలంటే అందులో సగం కాలం గాలి కోసం కూర్చోవడమే.

నా చిన్నప్పుడు సంక్రాంతి ముందు మా కళ్ళంలో తూర్పారబట్టేవాళ్ళు. మీరిద్దరూ అది చూసి ఉండరు. నూర్చిన ధాన్యంలో గింజా, తాలూ, గడ్డి తునకలూ కలిసి ఉంటాయి. మా పెదనాన్న ముక్కాలి పీట ఎక్కి, నిండు చేటను తలకంటే ఎత్తుగా పట్టుకుని సన్నగా పోసేవాడు. గింజ బరువు కాబట్టి కాళ్ళ దగ్గరే రాలేది, తాలు గాలికి అవతల పడేది. అయితే గాలి ఉండాలి కదా! ఒక్కోసారి చేట ఎత్తగానే గాలి పడిపోయేది. ఆయన విసుక్కోకుండా పీట దిగి, చింతచెట్టు కింద కూర్చుని చుట్ట వెలిగించేవాడు. కాసేపటికి గుప్పెడు పొల్లు తీసి వేళ్ళ సందుల్లోంచి వదిలి, అది ఎటు వాలుతోందో చూసేవాడు. గాలి మరీ ఎక్కువైతే అదీ తంటానే, తాలుతో పాటు గింజ కూడా కొట్టుకుపోతుంది. గాలి వాలు మళ్ళిందా, పీటను కూడా మళ్ళించుకోవాలి.

సముద్రాన్ని ఒక పెద్ద కళ్ళం అనుకో. ఓడ నడిపే నాఖుదా మా పెదనాన్న అనుకో. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి నైరుతి మూల నుంచి వీస్తుంది. అరేబియా నుంచి, ఆఫ్రికా తీరం నుంచి ఓడలు ఇటు రావడానికి అదే దారి చూపేది. చలికాలంలో అదే గాలి వెనక్కి మళ్ళి ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు ఇక్కడి సరుకుతో తిరిగి వెళ్ళేవాళ్ళు. జూన్, జూలై నెలల్లో గాలి మరీ ఉధృతంగా ఉంటుంది కాబట్టి పడమటి తీరపు రేవుల్లో రాకపోకలు ఆపేసేవాళ్ళు. గింజ కూడా కొట్టుకుపోయే గాలన్నమాట! అరబ్బు నావికులు ఓడ బయలుదేరే అదనును 'మౌసిం' అనేవాళ్ళు. హైదరాబాదులో నువ్వు వినే 'మౌసం' ఆ మాటే.

గాలి ఎందుకు మళ్ళుతుందంటావేమో. వేసవిలో వాడరేవు వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఇసుకలో కాళ్ళు కాలి, గెంతుకుంటూ నీళ్ళలోకి పరుగెత్తావు, గుర్తుందా? నీళ్ళు చల్లగా ఉన్నాయి. నేల తొందరగా కాగుతుంది, నీరు నిదానంగా కాగుతుంది. కాగిన నేల మీది గాలి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రం మీది గాలి వస్తుంది. మనకు సాయంత్రం హాయిగా తగిలే పైరగాలి అదే. రాత్రి నేల త్వరగా చల్లబడితే గాలి అటు మళ్ళుతుంది. ఈ దేశమంతా ఒక పెద్ద ఇసుకతిన్నె అనుకుని, పగలూ రాత్రీ బదులు వేసవీ చలికాలమూ పెట్టుకో. ప్రస్తుతానికి ఆ మాత్రం చాలు.

ఇక మార్కోపోలో. 1292 ప్రాంతంలో 14 ఓడలతో చైనా నుంచి బయలుదేరాడు. పారశీక రాజుకు పెళ్ళికూతురిని తీసుకెళ్తున్న ఓడలవి. ఒక్కోదానికి నాలుగు తెరచాప కొయ్యలు. అంత పెద్ద ఓడలుండి కూడా సుమత్రా దీవి చేరాక గాలి అనుకూలించక 5 నెలలు ఆగిపోయారు. ఒడ్డున దిగి, చుట్టూ కందకం తవ్వుకుని, కొయ్య బురుజులు కట్టుకుని కూర్చున్నారు. 5 నెలలు బుజ్జీ! నీ బడిలో సగం సంవత్సరం. చింతచెట్టు కింద చుట్ట కాలుస్తున్న పెదనాన్నే నాకు గుర్తొస్తాడు.

మోటుపల్లి పేరును మార్కోపోలో 'ముత్ఫిలి' అని రాశాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలిందనీ, అక్కడి సన్నబట్ట సాలెగూడులా ఉంటుందనీ మెచ్చుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవే. కానీ నీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఆమె తండ్రి గణపతిదేవుడి సంగతి.

అంతకంటే ముందు నా సంగతొకటి. నాకు పదేళ్ళప్పుడు కార్తీకంలో పెద్ద గాలివాన కొట్టింది. తెల్లారి ఒడ్డుకు వెళ్తే తెప్ప ఒకటి కొట్టుకొచ్చి ఉంది. మేకు లేకుండా దుంగల్ని తాళ్ళతో కట్టిన తెప్ప. ఒక కట్టు తెగి, రెండు దుంగలు విడిపోయి ఉన్నాయి. మిగిలిన తాడు ముళ్ళలోకి ఇసుక ఎక్కి రాయిలా బిగుసుకుంది. మంచి కొయ్య, మోసుకుపోదామని ఇద్దరు ముగ్గురు చెయ్యి వేశారు. నేనూ ఒక దుంగ మీద ఎక్కి కూర్చున్నాను. మా నాన్న నన్ను దింపి, "ఒడ్డుకొచ్చిందల్లా మనది కాదురా. దీని మీద వెళ్ళినవాడు ఎక్కడున్నాడో" అన్నాడు. మూడో రోజు పక్క పల్లె నుంచి మనుషులు వచ్చారు. వాళ్ళలో ఒకాయన ఏమీ మాట్లాడకుండా ఆ తాడు ముడిని చేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. ఆయన చెయ్యి నాకిప్పటికీ కనిపిస్తుంది.

పెద్దయ్యాక మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో స్తంభం మీది శాసనం చూశాను. 1244లో గణపతిదేవుడు వేయించింది. ఒక దేశానికని బయలుదేరిన ఓడ గాలివానకు వేరే ఒడ్డున పడి పగిలితే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఇదివరకటి రాజులు లాక్కునేవాళ్ళట. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళు కదా అని దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నానని రాజు రాయించాడు. ఆ సుంకం కూడా ముప్పయ్యో వంతు. కింద గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు, ఇలా ఏ సరుకు మీద ఎంతో లెక్క కూడా ఉంది. సుంకం పట్టీ ముఖ్యమే అనుకో, కానీ పైనున్న ఆ దయ మాట దగ్గర నా కళ్ళు చెమర్చాయి. గాలి తప్పుకు మనిషిని శిక్షించకూడదని ఒక రాజు రాతి మీద చెక్కించాడు. మీ ఇద్దరికీ చూపించాలని ఉంది. ఇప్పుడు ఊరికి సముద్రం కాస్త దూరం, నడిచే వెళ్దాం.

గాలి తోస్తుంది సరే, దారెట్లా తెలిసేదంటావా? ధ్రువనక్షత్రం. సుమత్రాలో అది కనిపించనే లేదని మార్కోపోలో రాశాడు. కన్యాకుమారి దాటి సముద్రంలోకి కొంత దూరం వెళ్తే నీటి మీద మూరెడు ఎత్తున కనిపించిందట. మలబారులో రెండు మూరలు, గుజరాతులో ఆరు మూరలు. చూశారా, ఉత్తరానికి పోయేకొద్దీ చుక్క పైకెక్కుతోంది! అరబ్బు నావికులు చిన్న చెక్కముక్కకు తాడు కట్టి, ఆ తాడుకు ముళ్ళు వేసి, ముడిని పళ్ళతో పట్టుకుని ఆ ఎత్తు కొలిచేవాళ్ళు. తమ రేవులో చుక్క ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున కనబడేదాకా నడిపి, ఆపైన తూర్పుకో పడమరకో తిప్పితే ఇల్లు చేరినట్టే. చుక్క ఎందుకలా ఎక్కుతుందో నేను రాయను. మీరే కొలవండి.

ఇద్దరూ రాత్రి ఉత్తరం వైపు తిరగండి. సప్తర్షి మండలంలో తోకకు ఎదురు కొసన ఉన్న రెండు చుక్కల్ని కలుపుతూ గీత సాగదీస్తే ధ్రువుడి దగ్గరికి చేరుస్తుంది. చెయ్యి బారుగా చాచి, నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెడుతూ లెక్కపెట్టండి. వాడరేవు ఒడ్డున నాకు పిడికిలిన్నర వచ్చింది. చిన్నా, నీకెన్ని వస్తాయో నేను చెప్పను. మబ్బులుంటే ఆగండి. కొలిచాక ముందు ఒకరికొకరు ఫోన్ చేసుకుని, తర్వాత నాకు చేయండి.

మీ
తాతయ్య