టైరు లైటు ఊరికే వెలగదు: టీపీఎంఎస్ మీద అపోహలు, వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే పొద్దున్నే మా షాపుకు ఒకటే రకం ఫోన్లు. "అన్నా, డ్యాష్‌బోర్డులో ఆ గుర్రపు నాడా బొమ్మ వెలుగుతోంది, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది చూడు, అది. నిన్ననే గాలి కొట్టించా. సెన్సర్ పోయినట్టుంది, కొత్తది ఎంతవుతుంది?" ఆ బొమ్మ టీపీఎంఎస్‌ది, అంటే టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటుది. గాలి చూశారా అంటే చూశాం, బాగానే ఉంది అంటారు. ఎలా చూశారంటే, కంటితో! పదిహేనేళ్లుగా టైర్లు విప్పి బిగిస్తున్న నాకే ట్యూబ్‌లెస్ టైర్లో గాలి ఒత్తిడి 33 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే లెక్క) ఉందో 26 ఉందో కంటితో చూసి చెప్పడం చేతకాదు. ముందు గాలి కొలిచే మీటరు ఒకటి కొనుక్కోండి, ఐదారు వందలు పెడితే మంచిదే వస్తుంది, మిగతా మాటలు ఆ తర్వాత.

అపోహ: నిన్ననే గాలి కొట్టించా, కాబట్టి లైటు అబద్ధం చెబుతోంది.

మా దగ్గరికి "ఫాల్స్ వార్నింగ్" అని వచ్చే బండ్లలో ఎక్కువ ఇవే. వరంగల్ నుంచి హైవే మీద వచ్చి మధ్యాహ్నం మూడింటికి బంకులో 33 పెట్టించారనుకోండి, అప్పుడు టైరు సెగలు కక్కుతూ ఉంటుంది, లోపలి గాలి యాభై డిగ్రీలు దాటి ఉంటుంది. తెల్లారేసరికి 15 డిగ్రీల చలిలో అదే గాలి 27, 28కి దిగుతుంది, ఎక్కడా లీకు లేకుండానే. లెక్క సులువు, ప్రతి 10 డిగ్రీలకు దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ. అందుకే బండి మూడు గంటలైనా ఆగి ఉన్నాక, లేదా ఇంటి నుంచి ఒకటి రెండు కిలోమీటర్లలోపు ఉన్న చోట గాలి పెట్టించాలి. ఎంత అనేది డ్రైవరు డోరు తెరిస్తే పక్కన స్తంభం మీద స్టిక్కరు చెబుతుంది. టైరు పక్కన అచ్చయిన 44, 51 లాంటి అంకెలు ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, అంత పెట్టమని కాదు. ఇంకో సంగతి, చాలా సెన్సర్లు బండి ఆగినప్పుడు నిద్రపోతాయి. గాలి కొట్టించిన వెంటనే లైటు ఆరలేదని అక్కడే నిలబడి టెన్షన్ పడకుండా నాలుగైదు కిలోమీటర్లు తిప్పి చూడండి.

అపోహ: ఎలా వెలిగినా అర్థం ఒకటే.

కాదు. నిలకడగా వెలిగితే గాలి తక్కువ. స్టార్ట్ చేయగానే నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలబడితే, చాలా బండ్లలో అది సిస్టమ్‌లో లోపం. సెన్సర్ గురించి ఆలోచించాల్సింది రెండో దానికే. సెన్సర్ లోపలి బ్యాటరీ మామూలుగా ఐదు నుంచి పదేళ్లు వస్తుంది, సీల్ చేసి ఉంటుంది, విప్పి మార్చలేం. ఏడెనిమిదేళ్ల బండిలో ఒకటి చచ్చిందంటే మిగతా మూడు కూడా దారిలోనే ఉన్నాయని లెక్క.

అపోహ: ప్రతి చక్రంలో సెన్సర్ ఉంటుంది.

మన దగ్గర చాలా బండ్లలో ఉండదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కోసం పెట్టిన చక్రం స్పీడు సెన్సర్లతోనే పని కానిచ్చేస్తారు. గాలి తగ్గిన టైరు వ్యాసార్థం కాస్త తగ్గుతుంది, మిగతా వాటికన్నా ఎక్కువ చుట్లు తిరుగుతుంది, కంప్యూటరు ఆ తేడా పట్టుకుంటుంది. అంటే దానికి గాలి తెలియదు, చుట్లే తెలుసు. స్క్రీన్ మీద పీఎస్ఐ అంకెలు రాకపోతే మీది దాదాపు ఇదే రకం. ఇక్కడే అసలు గొడవ. ఒక్క టైరు మాత్రం కొత్తది వేయించారు, పక్కది అరిగి రెండు మిల్లీమీటర్ల ట్రెడ్‌తో (గాడుల లోతుతో) ఉంది, లైటు రావచ్చు. స్టెప్నీ సైజు చిన్నది, లైటు రావచ్చు. ఇవి నిజంగానే తప్పుడు హెచ్చరికలు. గాలి సరిచేసిన ప్రతిసారీ, టైర్లు మార్చిన ప్రతిసారీ మెనూలో గానీ బటన్‌తో గానీ రీసెట్ కొట్టాలి. కానీ లైటు విసిగిస్తోందని గాలి చూడకుండా రీసెట్ కొట్టారో, ఆ తక్కువ గాలినే సరైనదిగా నేర్చుకుని నోరు మూసుకుంటుంది. అది మరీ ప్రమాదం.

అపోహ: స్క్రీన్ ఏ టైరు చూపిస్తే తప్పు ఆ టైరుదే.

మొన్న ఒక లెక్చరర్ గారు వచ్చారు. స్క్రీన్ మీద ఎడమ వెనక టైరు 26. నాలుగు రోజులుగా ఆ టైరుకే గాలి కొట్టిస్తున్నారు, లైటు ఆరదు. మీటరు పెడితే అది 44! "సార్, మీరు వెనక దానికి కొట్టిస్తుంటే స్క్రీన్ మీద ముందు టైరు అంకె పెరుగుతోంది, గమనించారా?" అన్నాను. నెల క్రితం ఎక్కడో టైర్లు ముందువి వెనక్కి మార్పించారు, సెన్సర్లు కూడా టైర్లతోపాటే మారాయి, బండికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎడమ ముందు టైరు వాల్వ్ మీద సబ్బు నీళ్లు వేశాను. కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత ఆవగింజంత బుడగ, పగిలింది, మళ్లీ ఇంకోటి. వాల్వ్ పిన్ మార్చి, సెన్సర్ల స్థానాలు మళ్లీ నేర్పించి పంపించాను. సెన్సర్‌లో ఏ లోపమూ లేదు.

అపోహ: నైట్రోజన్ నింపితే ఈ బాధ ఉండదు.

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. చలికి అదీ తగ్గుతుంది.

పంక్చర్ కాకుండా లోపల పోసే జెల్ కొన్నిసార్లు సెన్సర్ రంధ్రాన్నే మూసేస్తుంది, అప్పుడు స్క్రీన్ మీది అంకె కదలదు. బయట క్యాప్‌లా బిగించే సెన్సర్లు వాడేవాళ్లు పాత రబ్బరు వాల్వ్ పగిలిందేమో చూసుకోండి, ఆ బరువుకు అది ఊగుతూ ఉంటుంది. లైటు మీద టేపు అంటించేవాళ్లకు ఒక మాట. 2020లో మన కేంద్రం రూలు మార్చింది, టీపీఎంఎస్, పంక్చర్ కిట్ ఉంటే ట్యూబ్‌లెస్ టైర్ల కారుకు స్టెప్నీ అక్కర్లేదు. మీ బండి అలాంటిదైతే మీకున్న అండ ఆ లైటే.

గాలి సరిగానే ఉండి, నాలుగు టైర్ల దగ్గరా అంకెల బదులు గీతలు వస్తున్నాయా? ఈ మధ్య ఒకాయన బండి అలాగే వచ్చింది, సెన్సర్లన్నీ మార్చాలేమో అని భయపడుతూ తెచ్చాడు. చక్రంలో ఉండే ఈ సెన్సర్లు మన దగ్గర ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్‌లో చిన్న రేడియో సిగ్నల్ పంపుతాయి, నాసిరకం చార్జరు రొదలో ఆ సిగ్నల్ మునిగిపోతుంది. డ్యాష్‌క్యామ్‌కు పెట్టిన చార్జరు పీకి, రింగ్ రోడ్డు దాకా ఒక రౌండు వేసి రమ్మన్నాను. తిరిగొచ్చేసరికి నాలుగు అంకెలూ వచ్చేశాయి. డబ్బులేమీ తీసుకోలేదు, చాయ్ మాత్రం ఆయనే ఇప్పించాడు.