పొర్లకపోతే (ఎదకు రాకపోతే) చూడి కట్టినట్టేనా? తొలి నెలల చూడి పరీక్ష: అపోహలు - వాస్తవాలు

శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల వైపు డెయిరీలకు పరీక్షకు వెళ్తే పశువుల డాక్టరుగా నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "చూడి నిలిచిందా సార్?" అనే. నేను మాత్రం ముందు నిలవని ఆవు కోసమే వెతుకుతాను. చూడి ఉన్న ఆవు మనం పరీక్ష చేసినా చేయకపోయినా 280 రోజులకు అటూఇటూగా ఈనుతుంది. ఖాళీగా ఉన్న ఆవు సంగతి అలా కాదు. అది 30వ రోజున బయటపడితే వెంటనే చికిత్సో, మళ్లీ సూదో (కృత్రిమ గర్భధారణ) వేయించుకోవచ్చు. 90వ రోజున బయటపడితే దాదాపు మూడు ఎదలు చేజారిపోయినట్టే. దాణా ఖర్చంతా హైదరాబాద్‌కు పోసే పాల మీదే వెళ్లదీసుకునే రైతుకు ఆ రెండు నెలలు చిన్న నష్టం కాదు.

అపోహ: సూది వేశాక 21 రోజులకు పొర్లలేదు, కాబట్టి చూడి కట్టింది.

ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ఎద సరిగ్గా 21వ రోజునే రావాలని లేదు, 18 నుంచి 24 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అర్ధరాత్రి వచ్చి తెల్లారేసరికి తగ్గిపోతే ఎవరూ చూడరు. బాగా పాలిచ్చే సంకర ఆవుల్లో ఎద కొద్ది గంటలే ఉంటుంది. గేదెల్లో మూగ ఎద (లక్షణాలు బయటికి కనిపించని ఎద) మామూలే, ఎండాకాలంలో మరీ ఎక్కువ. గర్భసంచిలో చీము పట్టినా, అండాశయంలో తిత్తి ఉన్నా ఆవు నెలల తరబడి ఎదకు రాకపోవచ్చు. అందుకే పొర్లకపోవడాన్ని మంచి సూచనగానే తీసుకోండి, పరీక్ష మాత్రం మానకండి.

అపోహ: ఎద లక్షణాలు కనిపించాయి, కాబట్టి ఖాళీగానే ఉంది.

కొన్ని ఆవులు చూడితో ఉండి కూడా ఎద చూపిస్తాయి. అప్పుడు తొందరపడి సూది వేస్తే గర్భాశయ ముఖద్వారాన్ని మూసి ఉంచే జిగురు బిరడా చెదిరి, లోపలి పిండం పోవచ్చు. ఎదకు రావడానికి ఇచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ ఇంకా ప్రమాదం, తొలి నెలల చూడిని అది నేరుగా పడగొట్టేస్తుంది. ఇంతకుముందు సూది వేయించిన ఆవైతే, ఎవరు ఎంత తొందరపెట్టినా చూడి లేదని తేలాకే ఆ ఇంజెక్షన్ ఇవ్వనివ్వండి. బంగారం లాంటి చూడి ఇలా పోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: సూది వేసిన రెండు రోజులకు రక్తం పడింది, ఇక నిలవదు.

ఎద ముగిశాక హార్మోన్ తగ్గడం వల్ల కొన్ని ఆవుల్లో, ముఖ్యంగా పడ్డల్లో, కొద్దిగా రక్తం కనిపిస్తుంది. ఎద వచ్చి వెళ్లిందని మాత్రమే దానర్థం. నిలిచిందో లేదో దాన్నిబట్టి చెప్పలేం, టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: మెడికల్ షాపులో దొరికే స్ట్రిప్‌తో ఇంట్లోనే తెలుసుకోవచ్చు.

ఆ స్ట్రిప్ పట్టేది మనుషుల్లో తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్‌ని. ఆవుల్లో, గేదెల్లో ఆ హార్మోన్ ఉండదు. మూత్రంలో గోధుమలు నానబెట్టి, మొలకెత్తకపోతే చూడి అనుకునే పద్ధతి ఖర్చులేనిదే గానీ, మూత్రం చిక్కగా ఉంటే ఖాళీ ఆవు దగ్గరా గింజ మొలకెత్తకపోవచ్చు. దాన్ని నమ్మి ఆవును అమ్ముకోవడమో ఉంచుకోవడమో చేయకండి.

అపోహ: చెయ్యి పెట్టి చూస్తే చూడి పోతుంది.

అనుభవమున్న డాక్టరు మలద్వారం గుండా చెయ్యి పెట్టి జాగ్రత్తగా చూస్తే పోదు. తొలి రెండు నెలల్లో కొన్ని పిండాలు వాటంతట అవే చనిపోతాయి. ఎండలు నలభై డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో ఈ నష్టం పెరుగుతుంది. సరిగ్గా ఆ తొలి రెండు నెలల్లోనే పరీక్ష కూడా జరుగుతుంది కాబట్టి నింద చేతి మీద పడుతుంది. చేతితో 45 రోజుల నుంచి చెప్పగలం, 60 రోజులకైతే ఇంకా నమ్మకంగా చెప్పగలం. స్కానింగ్‌లో 28-30 రోజులకే పిండం గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. మానిటర్‌లో దాన్ని చూసిన రైతు ముఖం వెలిగిపోతుంటే నాకూ ఎంతో సంతోషంగా ఉంటుంది.

అపోహ: నెల రోజులకు చూడి అని ఒకసారి తేలితే ఇక చూడక్కర్లేదు.

పైన చెప్పిన పిండ నష్టం వల్లే 60 రోజులు దాటాక మరోసారి చూడాలి. రక్తపరీక్షకూ ఇదే వర్తిస్తుంది. మావి నుంచి వచ్చే ప్రోటీన్లను పట్టే ఈ పరీక్ష 28 రోజుల తర్వాత పనిచేస్తుంది. అయితే పిండం చనిపోయినా ఆ ప్రోటీన్ కొన్ని రోజులు రక్తంలో ఉంటుంది. పోయిన ఈతది కూడా రెండు, రెండున్నర నెలల వరకు మిగిలి ఉండొచ్చు. అందుకే ఏ పరీక్షకైనా ఈనిన తేదీ, సూది వేసిన తేదీ మాకు ముందు చెప్పండి. కొట్టం గోడ మీద సుద్దముక్కతో రాసినా చాలు.

సంతలో చూడి పశువును కొనేవాళ్లకు ఒక మాట. "మూడు నెలల చూడి అన్నా" అని అమ్మేవాళ్లు చెబితే, ఆ వయసు చూడిని చేతితో నిమిషాల్లో తేల్చవచ్చు. డబ్బు చేతులు మారకముందే డాక్టరును తీసుకెళ్లండి. పొదుగు బరువు, పొట్ట సైజు చూసి బేరం ముగించకండి.