రెండు డోర్లా, నాలుగు డోర్లా? పెర్ఫార్మెన్స్ కారు కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో నాది సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ పని. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు బండి చూసి పెట్టడం కూడా చేస్తుంటాను. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో స్పీడు బండి తెచ్చుకుందామని బొబ్బిలి, రాజాం, పలాస వాళ్లు ఫోన్ చేస్తుంటారు. ధర, మైలేజీ సంగతులు అయిపోయాక అందరూ అడిగేది ఒకటే: "టూ డోర్ తీసుకోమంటారా, ఫోర్ డోరా?" నిజానికి మనసులో ఒకటి అనుకునే అడుగుతారు. నా నోటితో అవుననిపించుకోవాలని వాళ్ల ఆశ. అలా ముందే ఖాయం చేసుకుని వచ్చే మాటల్లో తరచూ వినేవి ఇవి.

అపోహ: రెండు డోర్ల కారు బాగా తేలిక, అందుకే స్పీడు ఎక్కువ.

2014లో బీఎండబ్ల్యూ ఒకే కారును రెండు పేర్లతో అమ్మడం మొదలుపెట్టింది. నాలుగు డోర్లదానికి ఎం3 పేరే ఉంచి, రెండు డోర్లదాన్ని ఎం4 అంది. రెండింట్లోనూ అదే 3 లీటర్ల ట్విన్ టర్బో ఇంజిన్, 431 హార్స్‌పవర్. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, కూడా రెండింటికీ 2812 మిల్లీమీటర్లే. కంపెనీ చెప్పిన బరువులు ఎం3కి 1520 కిలోలు, ఎం4కి 1497. అంటే తేడా 23 కిలోలు. మనం ఇంటికి తెచ్చుకునే బియ్యం బస్తా అంతకంటే రెండు కిలోలు ఎక్కువే తూగుతుంది.

దానికి ముందు తరం ఎం3లో కూపే (రెండు డోర్లది) 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 4.8 సెకన్లు, సెడాన్ (నాలుగు డోర్లది) 4.9 సెకన్లు తీసుకునేవి. రెండింట్లోనూ ఇంజిన్ 420 హార్స్‌పవర్ వీ8. అయితే అప్పట్లో కూపేకి కార్బన్ ఫైబర్ రూఫ్ ఉండేది, సెడాన్‌ది ఇనుప రేకు. తేలికదనంలో కొంత ఆ రూఫ్ వల్ల వచ్చిందే కానీ డోర్లు తగ్గించడం వల్ల కాదు. తర్వాతి తరం నుంచి సెడాన్‌కి కూడా కార్బన్ రూఫ్ ఇచ్చారు. 2020లో బయటపెట్టిన ఎం3, ఎం4 కాంపిటీషన్ మోడళ్లలో వెనక చక్రాల డ్రైవ్ ఉన్నవి రెండూ 3.9 సెకన్లలోనే 100 దాటతాయని కంపెనీ లెక్క.

మన నాలుగు లైన్ల జాతీయ రహదారి మీద కార్లకు గరిష్ఠ వేగ పరిమితే గంటకు 100. అక్కడ పదోవంతు సెకను కోసం లక్షలు అదనంగా పెడతానంటే నేను కాదనను. కానీ ఆ డబ్బుతో మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయించుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

అపోహ: రేసింగ్ వాళ్లు రెండు డోర్లవే వాడతారు, ఎందుకంటే బాడీ గట్టిగా ఉంటుంది.

టామీ మాకినెన్ 1996 నుంచి 1999 వరకు వరసగా నాలుగేళ్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యింది మిత్సుబిషి లాన్సర్‌తో. అది నాలుగు డోర్ల కారు. సుబారు 1997లో ఇంప్రెజా రెండు డోర్ల బాడీకి మారింది. మళ్లీ 2001లో నాలుగు డోర్ల బాడీకి వచ్చి, ఆ ఏడాదీ 2003లోనూ డ్రైవర్ల టైటిళ్లు గెలిచింది.

బాడీ గట్టితనం మాటకొస్తే, కూపేలో వెనక పక్క రేకు బాడీకి వెల్డ్ అయి ఉంటుంది కాబట్టి ఆ మేరకు లాభమే. కానీ ముందు డోర్ పొడుగ్గా ఉండేసరికి డోర్ సందు పెద్దదవుతుంది, అక్కడ కొంత పోతుంది. వెనక సీటుకీ డిక్కీకీ మధ్య గట్టి అడ్డు ప్లేట్ ఉందా, లేక సీటు మడిచి సామాను తోసేలా ఖాళీ వదిలారా అన్నది ఇంకా ముఖ్యం. కారు చూడటానికి వెళ్లినప్పుడు డోర్లు లెక్కపెట్టే బదులు ఆ వెనక సీటు ఒకసారి లాగి చూడండి.

అపోహ: పేరు ఒకటే కదా, డోర్లు తప్ప లోపలంతా ఒకటే.

నేను గట్టిగా పట్టుబట్టి కాదనేది దీన్నే. డబ్బు పోయేది ఇక్కడే.

బీఎండబ్ల్యూ 2 సిరీస్ కూపేలో ఇంజిన్ నిలువుగా కూర్చుంటుంది, పవర్ వెనక చక్రాలకు వెళ్తుంది. ఎం2 పుట్టింది ఆ ఇంట్లోనే. 2 సిరీస్ గ్రాన్ కూపే పేరుతో వచ్చే నాలుగు డోర్ల కారు వేరే ప్లాట్‌ఫామ్. దాంట్లో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, మామూలు మోడళ్లలో ముందు చక్రాలు లాగుతాయి. వెనక బిళ్ల మీద పేరు దగ్గరిదే అయినా కింద నుంచి చూస్తే రెండింటికీ చుట్టరికమే లేదు. మెర్సిడెస్‌లోనూ అంతే. ఏఎంజీ జీటీ, ఏఎంజీ జీటీ ఫోర్ డోర్ కూపే ఒకే కారుకు రెండు రూపాలు కావు.

ఇంకో రకం తేడా కూడా ఉంటుంది. 2015 ప్రాంతంలో వచ్చిన ఏఎంజీ సీ63లో సెడాన్, కూపే రెండింటికీ ఇంజిన్ ఒకటే. కానీ కూపేకి వెనక యాక్సిల్ మార్చారు, చక్రాల మధ్య వెడల్పు పెంచారు. అక్కడ రెండు డోర్లది నిజంగానే వేరే రకంగా నడుస్తుంది. సెడాన్ స్పేర్లు కూపే వెనక భాగానికి సరిపోతాయిలే అనుకుంటే కుదరదు.

మన దగ్గర చేతికందే ఉదాహరణ ఫోక్స్‌వ్యాగన్ పోలో. 2016లో జీటీఐ మన దేశంలోకి వచ్చింది, డిక్కీ తలుపుతో కలిపి మూడు డోర్లు, 1.8 లీటర్ల టర్బో, 190 హార్స్‌పవర్ దరిదాపు. జీటీ టీఎస్ఐ ఐదు డోర్లది, 1.2 లీటర్లు, 105 హార్స్‌పవర్. "రెండూ పోలోలే కదండీ, డోర్లే తేడా" అని అన్నవాళ్లున్నారు. ఇంజిన్, బ్రేకులు, సస్పెన్షన్ ఏవీ ఒకటి కావు. అమ్మేవాడు ఆ మాట అంటే కారు సంగతి తర్వాత, ముందు ఆ మనిషిని నమ్మొచ్చా అని ఆలోచించండి.

అపోహ: రెండు డోర్లది పొట్టిగా ఉంటుంది, ఘాట్ రోడ్డులో చురుగ్గా తిరుగుతుంది.

థార్‌లో ఇది నిజం. మూడు డోర్ల థార్ వీల్‌బేస్ 2450 మిల్లీమీటర్లు, ఐదు డోర్ల థార్ రాక్స్‌ది 2850. జిమ్నీ కూడా అంతే, విదేశాలకు వెళ్లే మూడు డోర్లది 2250, మనకిచ్చే ఐదు డోర్లది 2590. ఎస్.కోట దాటి అనంతగిరి మలుపులు ఎక్కేటప్పుడు ఆ 340, 400 మిల్లీమీటర్ల తేడా స్టీరింగ్‌లో తెలుస్తుంది. కానీ పెర్ఫార్మెన్స్ కార్లలో కూపే, సెడాన్ జంటకు వీల్‌బేస్ చాలాసార్లు సమానమే. పైన చెప్పిన ఎం3, ఎం4 అలాంటివే. బ్రోచర్‌లో ఆ ఒక్క అంకె చూసుకుంటే సందేహం తీరిపోతుంది.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన ఊళ్లలో ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకున్న గుట్టలకు ఆ లెక్కలేం తెలుసు? "కూపే అయితే కింద తగలదు" అంటారు. కూపేలో వెనక ఎవరూ కూర్చోరు కాబట్టి తగలదు. సెడాన్ వెనక ముగ్గురు ఎక్కితే స్ప్రింగులు దిగుతాయి, తగులుతుంది.

అపోహ: డోర్లు తక్కువైతే రిపేర్లూ తక్కువ.

దీనికి సరిగ్గా తిరగేసి చెప్పాలి. గంటస్తంభం దగ్గర, మూడు లాంతర్ల దగ్గర ఆటోలు కార్లను గీకేది ఎక్కువగా పక్కనుంచే. నాలుగు డోర్ల కారులో వెనక డోర్ నొక్కుకుపోతే బోల్టులు విప్పి డోర్ మార్చేయొచ్చు. కూపేలో అదే చోట ఉండేది క్వార్టర్ ప్యానెల్. డోర్ దగ్గర మొదలై వెనక లైటు దాకా ఒకే రేకు, బాడీకి వెల్డ్ చేసి ఉంటుంది. అది బాగా దెబ్బతింటే కోసి, కొత్తది అతికించి, సీలర్ పూసి, పెయింట్ కొట్టాలి. ఆ పని శుభ్రంగా చేసేవాళ్లు తక్కువ. చాలామంది లాగి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి వదిలేస్తారు.

అందుకే కూపే చూసేటప్పుడు నేను ముందు వెనక పక్కలకే వెళ్తాను. డోర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కొంచెం లాగితే కింద స్పాట్ వెల్డింగ్ చుక్కలు కనిపిస్తాయి. కంపెనీవైతే గుండ్రంగా, ఒకే ఎడంతో ఉంటాయి. ఎగుడుదిగుడుగా ఉన్నా, గ్రైండర్ గీతలు కనిపించినా ఆ రేకు మారినట్టే. పెయింట్ మందం కొలిచే మీటరు పెడితే కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. ఒకచోట 130 ఉండి జానెడు దూరంలో 400 దాటిందంటే కింద పుట్టీ ఉంది.

తర్వాత డోర్. కూపే డోర్ పొడుగు, బరువు కూడా ఎక్కువ, మోసేది అవే రెండు హింజీలు. సగం తెరిచి, చివర్న రెండు చేతులూ కింద పెట్టి పైకి ఎత్తి చూడండి. కటకటమని ఆడితే హింజ్ అరిగింది. హింజ్ బోల్టుల మీద రంగు చెదిరి పానా గుర్తులుంటే ఆ డోర్ ఒకసారి ఊడివచ్చింది. లాక్ పడే కొక్కెం మీద ఒకే వైపు రాపిడి ఉంటే డోర్ కిందికి దిగిందని అర్థం.

ఫ్రేమ్ లేని అద్దాలు చాలా కూపేలకు ఉంటాయి. గ్రాన్ కూపే, స్పోర్ట్‌బ్యాక్ లాంటి నాలుగు డోర్ల వాటికీ ఉంటాయి. హ్యాండిల్ లాగగానే అద్దం కొంచెం కిందికి దిగాలి, డోర్ వేశాక పైకెక్కి రబ్బరులో కూర్చోవాలి. నాలుగైదు సార్లు వేసి తీసి చూడండి. తర్వాత పైపుతో రూఫ్ అంచు మీద నీళ్లు పట్టించి లోపల చెయ్యి పెట్టి చూడండి. బ్యాటరీ తీసి పెట్టాక అద్దం సరిగా ఎక్కకపోతే కంగారు పడకండి. చాలా కార్లలో స్విచ్ కాసేపు పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది. కళింగపట్నం వైపు తీరంలో ఉండేవాళ్లు డోర్ అడుగున నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూసుకుపోనివ్వకండి. అక్కడ నీళ్లు నిలిస్తే ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది.

అపోహ: పిల్లలున్న ఇంటికి రెండు డోర్లే క్షేమం, వెనక తలుపు తీసేస్తారన్న టెన్షన్ ఉండదు.

ఆ టెన్షన్ తీర్చడానికి నాలుగు డోర్ల కార్లలో చైల్డ్ లాక్ ఉంది. కూపేలో అసలు చిక్కు వేరే. ఏదైనా జరిగితే వెనక ఉన్న బిడ్డను తీయాలంటే ముందు సీటు వంచాలి. చైల్డ్ సీటు బిగించడానికి నడుము వంచుకుని లోపలికి దూరాలి. పైగా చాలా కూపేల్లో వెనక అద్దాలు దిగవు. సాలూరు దాటి ఘాట్‌లో పిల్లాడికి వాంతి వస్తే ఆ సంగతి బాగా అర్థమవుతుంది.

పెద్దవాళ్ల మాట కూడా చెప్పాలి. కారు చూపిద్దామని అమ్మను తీసుకొచ్చాడొకాయన. ముందు సీటు మోటారు మీద మెల్లగా జరుగుతోంది, ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి చూసింది. "ఏట్రా, ఇన్ని లక్షలు పోసి కొని నన్నిందులోకి దూరమంటావేటి?" అంది. ఆ బేరం అక్కడితో ఆగింది. నా ఫీజు మాత్రం ఇచ్చాడు.

అపోహ: రెండు డోర్లంటే స్పోర్ట్స్ కారు, ఇన్సూరెన్స్, టాక్స్ ఎక్కువ.

డోర్ల లెక్క ఎక్కడా లేదు. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టి, 1500 దాటితే ఏదైనా ఒకటే స్లాబు. లైఫ్ టాక్స్ కారు ధరను బట్టి. రెండు డోర్లది ధర ఎక్కువైతే ఆ మేరకు పెరుగుతుంది, అంతే.

అపోహ: రెండు డోర్లది అరుదు కాబట్టి ఎప్పుడు అమ్మినా ఎక్కువ రేటు.

అరుదే, కానీ కొనేవాడూ అరుదే. శ్రీకాకుళం, విజయనగరంలో ఇంటికి ఒకే కారు ఉన్నవాళ్లు కూపే కొనరు. మీ బండి మళ్లీ విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లి అమ్ముడుపోవాలి, అది కుదిరేదాకా ఆగే ఓపిక ఉండాలి. ఇంట్లో ఇదొక్కటే కారైతే నేను నాలుగు డోర్లదే తీసుకోమంటాను. ఇంకో కారు ఉండి, దెబ్బ తగలని క్వార్టర్ ప్యానెళ్లతో సర్వీస్ రికార్డ్ ఉన్న కూపే దొరికితే ఆపను. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఇక్కడ 12 నెలలు దాటి ఉంచుకుంటే రిజిస్ట్రేషన్ మార్చాలి, లైఫ్ టాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాలి. ఆ ఖర్చు ముందే బేరంలో లెక్కేసుకోండి.