సరస్సు ఎండితే మా బోరుకేం సంబంధం? – అపోహలు, వాస్తవాలు

వానలు తక్కువ పడే ప్రాంతాల్లో సరస్సులు, చిత్తడి నేలల నీటి లెక్కలు చూడటం నా పని. ఏ మీటింగ్‌కి వెళ్లినా ఇదే మాట: "మా బోర్లు సరస్సుకి చాలా దూరం సార్. ఆ నీళ్లు వేరు, ఈ నీళ్లు వేరు. నాలుగు వానలు పడితే అదే నిండుతుంది." ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం మిగతా అపోహలన్నీ కలిసి కూడా చేయలేదు.

ఇలాంటి చోట్ల చాలా చిత్తడి నేలలు బతికేది వాటి మీద పడే వానతో కాదు. ఎక్కడో కురిసి నదిగా వచ్చే నీటితో, అడుగునుంచి ఊరే నీటితో. చుట్టూ భూగర్భ జలమట్టం సరస్సు కంటే ఎత్తులో ఉన్నంతకాలం ఊట లోపలికి వస్తుంది. బోర్లు ఆ మట్టాన్ని కిందికి దించేస్తే వరస తిరగబడుతుంది, సరస్సు నీళ్లే నేలలోకి ఇంకిపోతాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కొసన మాత్రమే చిల్లులున్న సన్నని గాజులాంటి గొట్టాన్ని అడుగు బురదలోకి దించారు. కాసేపటికి గొట్టంలో నీళ్లు సరస్సు మట్టం కంటే బెత్తెడు పైకి వచ్చి ఆగాయి. "చూడు, కిందినుంచి ఎలా తోస్తోందో" అన్నారు. పన్నెండేళ్ల తర్వాత అదే సరస్సులో నేను గొట్టం దించాను. ఈసారి నీళ్లు జానెడు కిందే ఉండిపోయాయి. ఆ ఏడు వానలకేమీ లోటు లేదు.

జోర్డాన్‌లోని అజ్రక్‌ది ఇదే కథ. ఎడారి మధ్య వలస పక్షులు దిగే చోటు అది. 1980ల నుంచి అమ్మాన్ నగరానికీ, చుట్టుపక్కల పొలాలకూ తోడుతూ పోయారు. 1990ల మొదట్లో దాన్ని నింపే ఊటలు ఆగిపోయాయి. స్పెయిన్‌లో తబ్లాస్ దె దైమియెల్ అనే చిత్తడి నేల దగ్గర కూడా సాగు కోసం తోడి తోడి గ్వాదియానా నది ఊటలు 1980ల్లో ఎండిపోయాయి. 2009లో అక్కడి పీట్ నేల (సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడే నేల) ఎండి, అడుగున దానంతటదే రాజుకుని పొగలు వచ్చాయి.

వాన పాత్ర అసలు లేదని అనడం లేదు. 1970, 80ల్లో చాద్ సరస్సు కుంచించుకుపోవడానికి ప్రధాన కారణం కరువే, వానలు మెరుగయ్యాక అది కొంత కోలుకుంది కూడా. మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం సంగతి వేరు. పేరుకే సముద్రం, నిజానికి అదొక సరస్సు. 1960లో దాదాపు 68 వేల చదరపు కిలోమీటర్లుండేది. అము దర్యా, సిర్ దర్యా నదుల్ని పత్తి సాగుకి మళ్లించి దాన్ని ఎండబెట్టారు. ఏ సరస్సు లెక్క దానిదే.

ఒకసారి మీటింగ్ అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "నా బోరు వల్లే ఎండిందా సార్?" అని అడిగాడు. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదట. వందల బోర్లు కలిస్తే జరిగింది ఇది, ఆ బరువు మీరొక్కరే మోయకండి అని చెప్పాను. కొత్త బోరు మాత్రం వేయొద్దని కూడా చెప్పాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. "అడుగున పగులిచ్చి నీళ్లు పాతాళానికి పోయాయి" అనేది వట్టి పుకారు. నీళ్లు పోయి బంకమట్టి ఎండింది కాబట్టే పగుళ్లు వచ్చాయి. "పూడిక తీసి లోతు చేస్తే చాలు" అంటారు. రావాల్సిన నీళ్లే రానప్పుడు లోతు చేసి లాభం లేదు, పైగా అడుగున బంకమట్టి పొర తెగితే ఉన్న నీళ్లూ ఇంకిపోతాయి. డ్రిప్ మంచిదే, కానీ మిగిలిన నీటితో ఇంకో నాలుగెకరాలు సాగులోకి తెస్తే సరస్సుకి చుక్క కూడా దక్కదు.

"మోటార్లు ఆపితే వచ్చే ఏడాదికి నిండుతుందా?" అని కూడా అడుగుతారు. నది నీళ్లు నిలబెడితే త్వరగానే ఫలితం కనిపిస్తుంది. 2005లో కొక్-అరల్ ఆనకట్ట పూర్తయ్యాక ఉత్తర ఆరల్ మట్టం ఏడాదిలోపే పెరిగింది, చేపల వేట మళ్లీ ఊపందుకుంది. భూగర్భ జలం అలా కాదు. పడిపోయిన మట్టం ముందు పూడాలి, ఊట ఆ తర్వాతే. ఈలోగా సరస్సు ఇంకా తగ్గుతూనే ఉండొచ్చు. ఆ గొట్టం దించిన సరస్సు దగ్గర ఊళ్లన్నీ కలిసి రెండేళ్లు తోడటం తగ్గించాయి. పైకి ఏ మార్పూ కనిపించకపోయేసరికి "చూశారా, బోర్లకీ దీనికీ సంబంధం లేదు" అని మూడో ఏడు మళ్లీ మోటార్లు వేశారు. అప్పటికి గొట్టంలో నీళ్లు మునుపటి కంటే నాలుగు వేళ్లు పైకి వచ్చి ఉన్నాయి.